పాముపొర రాళ్ళాయప్ప

మా మరిది కొడుకు ఎమ్మిగనూర్లో కొత్తిల్లు కట్టినాడు. గృహప్రవేశానికి పోతే నడవంతా పచ్చబండలు పరిసినాడు, మొగం కనపడేంత నున్నగా. "మార్బుల్, యాడో ఉత్తరాది నుంచి తెప్పిచ్చినా" అని వచ్చినోళ్ళకల్లా సెప్తాండాడు. నేను గమ్మున ఒక మూల కూసోని, వేలికి ఉమ్ము తడి సేసుకోని బండ మీద రుద్దినాను. ఎవురికీ కనపడని అంచున పిన్నీసుతో ఒక గీత గీసినాను. తెల్లని పొడి లేసింది. గడపకాడ పడేసిన నిమ్మకాయ బద్ద తెచ్చి ఆ పొడి మీద పిండినాను. మార్బుల్ పొడైతే బుసబుస పొంగాల. ఒక్క బుడగ రాలేదు.

"ఇది మార్బుల్ కాదు నాయనా. పాముపొర రాయి."

వానికి మొగం మాడిపోయింది. "ఏం పెద్దమ్మా, ఆఖరికి బండల్ని కూడా అనుమానిస్తావా?"

అనుమానిస్తా. నా పుట్టుకే అట్లాంటిది. పాలాయన పాలు పోస్తే సెంబులో వేలు ముంచి సూస్తా. మా ఆయన బతికుండంగా సంతకి పోయొస్తే సెప్పులకంటిన మన్ను సూసేదాన్ని, సంతకేనా పోయిందని. దేవుడు తథాస్తు అన్నా, ఏది ఇంకోసారి అను అంటాను.

ఈ ఉమ్ము తడి, ఈ గీత, ఈ నిమ్మకాయ నాకు నేర్పిన మనిషి పోయి శానా ఏండ్లయింది. ఆయప్ప పేరు నాకు తెలుసు. సెప్పను. ఆ పేరుకి నేనొకసారి సేసిన సేటు సాలు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలు. మా ఆయనకు ఎమ్మిగనూర్లో మగ్గం. నా పుట్టినిల్లు ఆస్పరి దిక్కు. మా నాయన పోతాపోతా పసుపు కుంకాల కింద ఊరి బయట నాలుగెకరాల గరుసు సేను నా పేరున రాసినాడు. కొర్ర తప్ప ఏమీ పండదు. రాళ్ళు మాత్రం దండిగా పండుతాయి. అయినా అది నాది. మగ్గం మా ఆయనది, ఇల్లు మా అత్తది, ఆ సేనొక్కటే నాది. అందుకే ప్రతి ఏడూ ముంగారు వాన పడంగానే బస్సెక్కి, ఆదోనిలో ఇంకో బస్సు మారి, విత్తనం పనికి పుట్టింటికి పోతాంటిని.

మా దిక్కు ముంగారు వాన పడిందంటే సేండ్లలో విత్తేవాండ్ల కంటే వంగి నేల సూసేవాండ్లే ఎక్కువ. వాన మన్నును కడిగితే వజ్రం పైకి తేల్తాదని. తుగ్గలి దిక్కు దొరికిందంట, జొన్నగిరి దిక్కు దొరికిందంట, ఎవురో గొర్రెలాయనకంట. దొరికినోడు సెప్పడు, దొరకనోడే సెప్తా తిరుగుతాడు. ఆ నాలుగు వారాలు అన్నను తమ్ముడు నమ్మడు. ఒకడు తుమ్మితే పదిమంది తిరిగి సూస్తారు. దొరికిన రాయిని రొండిన పెట్టుకుంటే తడుముతారు, పిడికిట్లో పెట్టుకుంటే గుంజుకుంటారు. అందుకని నోట్లో ఏసుకుంటారు. మా సేండ్లలో ఎవురైనా రాయి నోట్లో ఏసుకున్నారంటే దానికి ఒకటే అర్థం. పాలు మరిసిన పిల్లోనికి కూడా తెలుసు.

ఆ ఏడు నేను పోయేసరికి నా సేన్లో ఒక మనిషి వంగి ఉండాడు. నలభై దాటుంటాయి. పంచె మోకాళ్ళ పైకి కట్టి, భుజాన గుడ్డసంచి ఏసుకున్నాడు. సొక్కా మీద ఆడాడ దూది అంటుకొని ఉంది.

"ఏమప్పా, నా సేన్లో ఏం పోగొట్టుకున్నావు?"

ఆయప్ప లేసి దండం పెట్టినాడు. "పచ్చరాళ్ళు ఏరుకుంటాండా తల్లీ. అడుగుదామంటే ఎవురూ కనపడలేదు."

నాకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. వజ్రాల సేన్లోకి వచ్చి పచ్చరాళ్ళు ఏరుకునేవాడు యాడన్నా ఉంటాడా? అబద్ధం సెప్పేవాడు రోంత సక్కగానన్నా సెప్పరాదా!

"సంచి బోర్లించు" అన్నాను.

బోర్లించినాడు. నిజంగానే పచ్చరాళ్ళు. ఒకటి నాచు రంగు, ఒకటి పెసర రంగు, ఒకటి మెరుపుల మెరుపుల పచ్చ. మడిసే సాకు కత్తి ఒకటి, దారానికి కట్టిన సూది ఒకటి, ఎండిన నిమ్మకాయ. నేను ఒక్కొక్కటీ తిప్పి తిప్పి సూసినాను. వజ్రం లేదు. లేకపోయేసరికి నా అనుమానం ఇంకా పెరిగింది.

"ఇదో, నా సేన్లోకి వస్తే సంచి సూపించాల, పోయేటప్పుడూ సూపించాల. రాయి నోటి దగ్గరికి పోకూడదు. ఒప్పుకుంటే రా, లేదంటే ఈ గట్టు తొక్కొద్దు."

"అట్లే తల్లీ. నువ్వు సూడకపోతే నాకే సేటు. ఆదోనిలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో ఉంటా, నాది మాట మీద బతికే పని" అన్యాడు.

ఏం పనో అని, తిరిగి పోయేటప్పుడు ఆదోనిలో దిగి కనుక్కోకుండా ఉంటానా? ఆయప్ప సెప్పిన జిన్నింగు మిల్లుకే పోయినాను. నిజంగానే ఉండాడు. బండ్ల మీద పత్తి తెచ్చిన రైతులు సుట్టూ నిలబడుకొని ఉంటే, ఆయప్ప రోంత దూది తీసి రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి మెల్లగా లాగి, ఆ పింజ పొడుగు సూసి రకం సెప్తాండాడు. "ఇది మేలు రకం. ఇది రెండో రకం." అంతే. మిల్లాయన నోరెత్తలేదు, రైతు నోరెత్తలేదు. "ఆయన రెండో రకం అన్యాడంటే రెండో రకమే" అని ఒక ముసలి రైతు బండి తిప్పుకొని పోయినాడు. అంత నమ్మకం ఒక మనిషి మీద ఎట్లా పెట్టుకుంటారో నాకైతే అర్థం కాలేదు.

మరుసటేడు మళ్ళీ వచ్చినాడు. సంచి బోర్లించి సూపించి, సేన్లో దిగినాడు. నేను విత్తనం పని కూలోళ్ళకి అప్పజెప్పి ఆయప్ప ఎనకాలే నడిసినాను. ఒక్క అడుగు ఎడం ఇయ్యలేదు. అట్లా కాపలా కాస్తా కాస్తానే నాకు రాళ్ళు తెలిసొచ్చినాయి.

పచ్చది కనపడితే ముందు వేలికి ఉమ్ము తడి సేసుకోని రాయికి పూసేవాడు. "ఎండితే రాయి రంగు దాసుకుంటాది తల్లీ, తడిస్తే బయటపెడ్తాది." తర్వాత సాకుతో గీసేవాడు. పెసర రంగు రాయి మీద సాకు పారదు, సాకే అరిగి రాయి మీద ఇనుప గీత పడ్తాది. మెరుపుల పచ్చ గోటితో గీకితే పొరలు పొరలు లేస్తాది. ఆయప్పకు కావాల్సింది వేరే. అది నాచు రంగులో, నల్లని సారలతో, పాము విడిసిన పొర మాదిరి ఉంటాది. పట్టుకుంటే సబ్బు మాదిరి జిడ్డు. సాకుకి లొంగుతాది, నిమ్మకాయకి పొంగదు. దారానికి కట్టిన సూదిని సూదంటురాయికి రుద్ది తెచ్చుకొనేవాడు. ఆ సూదిని దగ్గరికి పెడితే కొన్ని రాళ్ళకాడ అది మెల్లగా తిరిగేది. అది తిరిగితే ఆయప్ప మొగం సూడాల!

"దాని పేరేంది?" అంటే, "నేల పరీక్ష సేసే దొర ఒకాయన సర్పెంటైన్ అన్యాడు. మనకు నోరు తిరగదు. పాముపొర రాయి అందాం" అన్యాడు.

"ఏమిటికప్పా ఇది? అమ్ముతావా?"

"ఎవురు కొంటారు తల్లీ!"

"మరి ఏమిటికి?"

ఆయప్ప సేతిలో రాయిని ఎండకు పట్టినాడు. "ఆ దొర సేతిలో ఒకటి సూసినా. నిమ్మాకు రంగు. ఎండకు పెడితే అంచుల్లో వెలుతురు దూరింది. ఈ దిక్కే దొరికిందన్యాడు. అట్లాంటిది ఒక్కటి నా సేతికి దొరికితే సాలు."

ఇంత వయసొచ్చినాక ఒక రాయి కోసం ఎండలో తిరిగేది నిజమని నమ్మమంటాడు! నేను నమ్మితే ఒట్టు.

ఆయప్పను ఏదైనా అడిగితే తిన్నగా జవాబు రాదు. "ఇది పాముపొరేనా?" అంటే రాయి నా సేతిలో పెట్టి, "నన్ను అడగొద్దు తల్లీ, రాయిని అడుగు" అనేవాడు. ఎన్నిసార్లన్యాడో! ఒకసారి నేను కావాలనే ఒక పని సేసినాను. ఎమ్మిగనూరు బస్టాండులో పగిలిన గోలీసోడా సీసా పెంకు ఒకటి ఏరి, బండకేసి రుద్ది అంచులు నున్నగా సేసి, మన్నులో కలిపి ఆయప్ప దావలో పారేసినాను. ఎంత తెలుసో తేలిపోతాదని. ఆయప్ప వంగి తీసినాడు, తడి పూసినాడు, ఎండకి పెట్టి సూసినాడు. నా దిక్కు తిరిగి పండ్లు బయటపెట్టి నవ్వినాడు.

"లోపల గాలిబుడగ ఉంది తల్లీ. ఇది సేన్లో పుట్టలేదు, సోడా కొట్లో పుట్టింది."

నాకు తల కొట్టేసినట్లయింది. ఆయప్ప మాత్రం కోపం తెచ్చుకోలేదు. ఆ పెంకును కూడా సంచిలో ఏసుకున్నాడు. పోయేటప్పుడు దాన్ని కూడా సూపించి మరీ పోయినాడు.

మూడో ఏడు వాన గట్టిగా కొట్టింది. సుట్టుపక్కల సేండ్ల నిండా మంది. పొద్దు నడినెత్తికి రాలేదు ఇంకా. నేను గట్టు మీద కూసోని ఆయప్ప మీదే కండ్లు పెట్టుకొని ఉండాను. వంక పక్క కోసుకుపోయిన తావున ఆయప్ప వంగినాడు. మన్నులో నుంచి ఏదో పెరికినాడు. ఎండకు తళుక్కుమనింది. ఆయప్ప అటూ ఇటూ సూసుకోలేదు. రెండు సేతులకూ బురద, పంచెకూ బురద. గబుక్కున ఆ రాయి నోట్లో ఏసుకున్నాడు. ఏసుకొని, కండ్లు మూసుకొని అట్లే నిలబడినాడు.

మూడేండ్లుగా నేను అనుకొన్నది నిజమైపోయింది. భయమూ కోపమే కాదు, ఉన్నది సెప్తాండా, ఒకరకం సంతోషం కూడా అయింది.

"మింగుతాండాడు! వజ్రం మింగుతాండాడు!" అని గావుకేక పెట్టినాను.

ఆ కేకకు ఆయప్ప ఉలిక్కిపడినాడు. గొంతు ఒక్కసారి కదిలింది. అంతే.

నిమిషంలో నలభై మంది సుట్టుకున్నారు. నోరు తెరవమన్నారు. తెరిసినాడు. నాలిక మీద ఏమీ లేదు. "పచ్చరాయప్పా, బురద కడుగుదామని ఏసుకుంటి, కేకకు లోపలికి పోయింది" అని మొత్తుకున్నాడు. వినేవాడెవుడు? "రాయిని అడగండప్పా" అని కూడా అన్యాడు. రాయి కడుపులో ఉంటే ఎట్లా అడిగేది? మా అన్నే ముందుపడి ఆయప్పను తీసుకుపోయి, ఊర్లో గొడ్లసావిట్లో కూసోబెట్టి, గిన్నెడు ఆముదం తాగించినాడు. మరుసటి రోజు వరకూ మనుషులు కాపలా ఉన్నారు.

ఆ సంగతి ఇంతకంటే సెప్పలేను. పత్తి పింజ ముట్టుకొని ఊరందరికీ న్యాయం సెప్పే మనిషి, పదిమంది ఎదురుగా ముంత పట్టుకొని కూసున్నాడు. ఇప్పుడు తలుసుకుంటే నా మీద నాకే ఉమ్మెయ్యాలనిపిస్తాది.

మరుసటి రోజు పొద్దెక్కినాక రాయి బయటపడింది. కడిగి తెచ్చి నా సేతిలో పెట్టినారు, సేను నాది కాబట్టి. సిక్కుడుగింజంత ఉంది. అందరూ నా సుట్టూ మూగినారు. నేను పిన్నీసుతో గీసినాను. లొంగింది. సబ్బు మాదిరి జిడ్డు. నిమ్మాకు రంగు. ఎండకు పెట్టినాను. అంచుల్లో వెలుతురు దూరింది.

అది ఏందో ఆ గుంపులో ఇద్దరికే తెలుసు.

"ఉత్త రాయి" అన్నాను. మంది నవ్వుకుంటా, తిట్టుకుంటా ఎవురి సేండ్లకు వాండ్లు పోయినారు. ఆయప్ప బావికాడ నీళ్ళు పోసుకొని, తడిపంచె పిండుకొని నా దగ్గరికి వచ్చినాడు. కండ్లు లోపలికి పోయినాయి. కోపం లేదు, ఏడుపు లేదు. సెయ్యి సాపినాడు.

"ఆ రాయి ఇయ్యి తల్లీ."

ఇచ్చుంటే ఏం పోయేది? సెప్పండి, ఏం పోయేది నాకు? నా బుద్ధి అట్లా పని సెయ్యలేదు. ఇంత అవమానం జరిగినాక కూడా అడుగుతాండాడంటే దీంట్లో ఏదో ఉంది అనుకున్నా. నేను కనుక్కోలేనిది ఏదో ఉంది.

"నా సేన్లో దొరికింది నాది" అని కొంగున ముడేసుకున్నాను.

సాపిన సెయ్యి రోంతసేపు అట్లే పెట్టినాడు. తర్వాత దండం పెట్టి పోయినాడు.

ఆ సంగతి ఆయప్ప కంటే ముందు ఆదోని సేరింది. వజ్రం మింగినోడు పింజ సూసి రకం సెప్తే ఎవురు నమ్ముతారు? రైతులు గొణిగినారంట, మిల్లాయన రకం సెప్పే పీట మీద నుంచి లేపి దూది బేళ్ళ మీద తారుతో గుర్తులు ఏసే పనికి పెట్టినాడంట. బస్సులో ఎవురో సెప్పుకుంటాంటే విన్నాను. నాకు మనసు నిలవలేదు. నేనే పోయి మిల్లాయనతో సెప్పాల, నా కేకకే మింగినాడు, అది ఉత్త పచ్చరాయే, నేనే సాక్ష్యం అని. ఆదోనిలో దిగి మిల్లు గేటు దాకా పోయినాను. లోపల ఆయప్ప వంగి, దగ్గుకుంటా, బేళ్ళకు తారు పూస్తాండాడు. పీట మీద ఎవురో కొత్తాయన కూసున్నాడు. గేటు కమ్మీ పట్టుకున్నాను. అప్పుడే నా పాడు బుర్రలో ఒక మాట మెదిలింది. ఒక రాయి బయటికొచ్చింది సరే. రెండు మింగుంటే?

తిరిగొచ్చేసినాను.

మరుసటేడు ఇంక రాడనుకున్నా. ముంగారు వాన పడిన మూడోనాడు గట్టు మీద నిలబడి ఉండాడు. అదే సంచి. నేను దగ్గరికి పోయేసరికి సంచి బోర్లించి సూపించినాడు. తర్వాత, నేనేమీ అడగకుండానే, డాక్టరు ముందర సూపించినట్లు, నోరు బార్లా తెరిసినాడు.

"సూడు తల్లీ."

వద్దప్పా అనుంటే నేను మనిషినయ్యేదాన్ని. నేను సూసినాను. నాలిక ఎత్తమన్నా, ఎత్తినాడు. బుగ్గల పక్క, పండ్ల సందులు కూడా వదల్లేదు. "ఇంక ముయ్యప్పా" అన్నాక మూసినాడు. పోయేటప్పుడు మళ్ళీ తెరిసినాడు, నేను మళ్ళీ సూసినాను. అట్లా మూడేండ్లు. దగ్గు ఎక్కువైంది, పండ్లు రెండు ఊడినాయి, ఆ సంగతి ఆయప్ప ఇంటోళ్ళ కంటే ముందు నాకే తెలుసు.

ఒక్కసారి మాత్రం అడిగినాను. "నీకు కోపం రాదా అప్పా?"

"వచ్చింది తల్లీ, రాకేం?" అన్యాడు. "అయినా రాళ్ళు ఈడే ఉండాయి కదా."

ఆ నిమ్మాకు రాయి నా దగ్గరే ఉంది. ఎమ్మిగనూర్లో కంసాలాయనకు సూపిస్తే "ఇది పచ్చ కాదమ్మా, రాయి" అని తిరిగిచ్చినాడు. వాని మాట కూడా నమ్మలేదు. ఇంట్లో పెడితే మా అత్త తీస్తాదేమోనని నడుముకి కట్టుకొనే సంచిలోనే పెట్టుకొని తిరిగినాను.

ఆ తర్వాతి ఏడు ముంగారు వాన పడింది, ఆయప్ప రాలేదు. వారం సూసినా. నా మొదటి మాట ఏందో తెలుసునా? ఇంకొకరి సేన్లో మంచిది దొరికినట్లుంది అనుకున్నా. తిరిగి పోతా పోతా ఆదోనిలో దిగి మిల్లుకు పోయినాను. గేటుకాడి ఆయన సెప్పినాడు, ఎండాకాలంలోనే పోయినాడని. దూది దగ్గంట.

ఇల్లు కనుక్కోని పోయినాను. ఎందుకు పోయినానో నాకే తెల్దు. నిజంగా పోయినాడో లేదో సూద్దామని కూడా అయ్యుండొచ్చు, నా మీద నాకు అంత నమ్మకం లేదు. ఒకటే గది. ఆయప్ప భార్య సన్నగా, నిదానంగా ఉండే మనిషి. "ఆయప్పకు తెలిసినదాన్ని" అంటే కూసోమని సాప ఏసింది. గోడవార మిల్లులో పత్తి నమూనాలు పెట్టే సెక్కపెట్టె ఉంది, గళ్ళు గళ్ళుగా. ఒక్కో గడిలో దూది పరిసి, దాని మీద ఒక్కో రాయి. పక్కన కాగితం ముక్క. సోడా పెంకుకు కూడా ఒక గడి ఉంది. నడుమ ఒక్క గడిలో మాత్రం దూదిలో గుంట ఉంది, రాయి లేదు. కాగితం ఉంది.

"నాకు సదువు రాదమ్మా" అనింది ఆయమ్మ. "ఆ ఖాళీ గడిని రోజూ దులిపేవాడు. ఏమని రాసినాడో సూడు."

నేను అక్షరం అక్షరం కూడబలుక్కొని సదివినాను. "ఆస్పరి దిక్కు సేను. పాముపొర. వెలుతురు దూరేది. నేను సూసినవాటిలో ఇదే మేలు రకం. సేని తల్లి దగ్గర భద్రంగా ఉంది."

ఆఖరి మాట కింద వేలు పెట్టి రెండోసారి సదివినాను. భద్రంగా ఉందంట! నా కేకకు ఊరంతా దొంగ అన్న మనిషి, నా గురించి రాసుకున్న మాట అది. నడుము సంచి విప్పి, రాయి తీసి ఆయమ్మ సేతిలో పెట్టినాను.

ఆయమ్మ దాన్ని తిన్నగా గడిలో పెట్టలేదు. వేలు తడి సేసుకోని పూసింది. రైక పిన్నీసు తీసి గీసింది. వాకిట్లోకి పోయి ఎండకు పెట్టి అంచులు సూసింది. నా దిక్కు తిరక్కుండానే అనింది, "నిన్ను అడగటం లేదమ్మా. రాయిని అడుగుతాండా."

తర్వాత వచ్చి దాన్ని గుంటలో పెట్టింది. సరిగ్గా కూసుంది.

"ఆయన నోరు సూసేది నువ్వేనా?"

"నేనే."

తిట్టుంటే బాగుండేది. ఆయమ్మ నా మొగం సూస్తానే ఉంది. నాకు ఇంకేం సెయ్యాల్నో తెలీలేదు. వాకిలి వెలుతురుకు మొగం తిప్పి, నోరు తెరిసినాను.

వద్దులేమ్మా అంటాదేమో అనుకున్నా. ఆయమ్మ దగ్గరికి వచ్చింది. గడ్డం పట్టుకొని ఎత్తింది. నాలిక ఎత్తమనింది, ఎత్తినాను. బుగ్గల పక్క, పండ్ల సందులు, ఏదీ వదల్లేదు. తొందరేమీ పడలేదు.

"ఇంక ముయ్యమ్మా" అనేదాకా నేను తెరిసే ఉండాను.